రెండు వైపులా తన్నే తుపాకీ

అందరి కోడళ్ళూ అత్తారింటికి పెట్టెలు తెచ్చుకుంటారు. మా కోడలు పెట్టెతో పాటు ఒక గాలి తుపాకీ కూడా తెచ్చుకుంది. "జాగ్రత్తమ్మోయ్, అత్తగారి మీద గురి పెట్టగలదు" అని పక్కింటావిడ నవ్వితే, "నా నోటి ముందు ఆ తుపాకీ ఏ పాటిలే" అని నేనూ నవ్వేశాను.

మాది కళ్ళజోళ్ళ దుకాణం. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో అద్దాలు అరగదీసే బల్ల, పైన ఇల్లు. మా ఆయన పోయాక దుకాణం నేనూ మా వాడూ నడుపుకొస్తున్నాం. కోడలు ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేములు సరిచేసేది. సరుకు ఎంపిక మాత్రం మా తల్లీకొడుకులదే. అద్దాన్ని వెలుతురుకి పట్టి చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలమని మాకు గర్వం. ఇప్పుడా ఎంపికంతా కోడలిది. ఆమె చెప్పాక మేమిద్దరం తలూపుతాం. పెత్తనం ఇలా చేతులు మారింది ఒక్క ఎండాకాలంలో, తుపాకీ మీద బిగించే ఒక స్కోపు పుణ్యమా అని.

ఆ తుపాకీ సంగతి ముందు చెప్పాలి. అది మందు దట్టించేది కాదు. గొట్టాన్ని పట్టుకుని కిందికి వంచితే కడుపులో ఉన్న పెద్ద స్ప్రింగు ముడుచుకుంటుంది. ట్రిగ్గరు నొక్కగానే ఆ స్ప్రింగు విడివడి పిస్టన్‌ని ముందుకి తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి సీసపు గుండుని విసిరేస్తుంది. స్ప్రింగు తుపాకీల్లో కూడా ఇది బలమైన రకం. గొట్టం వంచాలంటే మా వాడు దాని మీద వేలాడాల్సిందే. కోడలు మాత్రం తలుపు గడియ తీసినంత తేలిగ్గా వంచేది. మామూలు తుపాకీలకి గొట్టం మీద గురి చూసుకోవడానికి ఉండే ముక్కలు దీనికి లేవు. పైన స్కోపు, అంటే దుర్భిణిలాంటి గొట్టం, బిగించకపోతే అది గుడ్డిదే.

ఊరి చివర మూతపడ్డ ఇటుకల బట్టీ స్థలంలో షూటింగు క్లబ్బు ఉంది. అక్కడ గడ్డిలో ఇనుప రేకుతో కోసిన కాకులు, కుందేళ్ళు, ఎలుకలు నిలబెడతారు. కొన్ని దగ్గర, కొన్ని బాగా దూరం. ఒక్కోదాని ఒంట్లో ఒక చిన్న రంధ్రం. గుండు ఆ రంధ్రంలో దూరితే బొమ్మ వెనక్కి పడిపోతుంది. రేకుకి తగిలితే టంగుమని మోగి, వెక్కిరిస్తున్నట్టు అలాగే నిలబడుతుంది. ఆ ఎండాకాలం మూడు పోటీలు పెట్టారు. మూడోదాంట్లో గెలిచినవాళ్ళు ఊరి తరఫున పెద్ద పోటీకి వెళ్తారు. ఆ వెళ్ళే జట్టులో సిలిండరులో గాలి నింపుకునే తుపాకీలవాళ్ళకి చాలా చోట్లున్నాయి. స్ప్రింగు తుపాకీకి ఒకటే చోటు. ఆ చోటు ఎప్పుడూ బ్యాంకులో పనిచేసే ఒక పెద్దమనిషిది. ఒక్కో గుండుకి ఆయన తీసుకునే సమయం చూసి ఆయనకి నిదానం గారు అని పేరు పెట్టారు.

"ఈసారి ఆ చోటు నాది కావాలి అత్తయ్యా" అంది కోడలు ఒక పొద్దున, కాఫీ గ్లాసు నా చేతికిస్తూ. అడగడం కాదు, చెప్పడం.

"నిదానం గారిని ఓడిస్తావా?"

"నిదానం గారిని కాదు, కాకుల్ని కొట్టాలి. ఆయన తర్వాత."

నాకు ఆ జవాబు నచ్చింది. ఒకటే చిక్కు. తుపాకీతో పాటే వచ్చిన పాత స్కోపు పాడైపోయింది. లోపల గురి కోసం ఉండే అడ్డగీత, నిలువుగీత ఒక పక్కకి వాలిపోయాయి. ముసలిదైపోయింది పాపం అనుకున్నాం.

మా వాడు ఛాతీ విరిచాడు. "నువ్వు సాధన చేసుకో. అద్దాల సంగతి మాకు వదిలెయ్."

నేనూ మా వాడూ కలిసి బజారులో ఆటసామాన్ల దుకాణానికి వెళ్ళాం. పెళ్ళిచూపులకి వెళ్ళినట్టే వెళ్ళాం. దుకాణదారు తెచ్చిన ప్రతి స్కోపునీ గుమ్మం దాకా పట్టుకొచ్చి, వీధి చివర మందుల దుకాణం బోర్డు మీద అన్నిటికన్నా చిన్న అక్షరాలు చదివించుకున్నాం. అంచుల్లో రంగులు చెదురుతున్నాయా, మధ్యలో మచ్చ ఉందా, సాయంత్రం వెలుతురులో మసకేస్తుందా, అన్నీ చూశాం. చివరికి ఒకటి దొరికింది. మూరెడు పొడవు, ముందు వెడల్పాటి అద్దం, చేతిలోకి తీసుకుంటే బరువు. దాంట్లోంచి చూస్తే మందుల దుకాణం అతని చొక్కా గుండీలు లెక్కపెట్టొచ్చు. మా వాడి కళ్ళు చెమర్చాయంటే నమ్మండి.

"ఇది వేట తుపాకీల మీద పెట్టేదమ్మా" అన్నాడు దుకాణదారు. "వాటి దెబ్బకే చెక్కుచెదరదు."

"మరింకేం? ఏనుగు నడిచిన వంతెన మేకని మోయదా?" అన్నాను నేను.

దుకాణదారుకి కూడా ఆ మాట బాగా నచ్చింది. ఇంటికొచ్చి ఇవ్వగానే కోడలు కంటికి పెట్టుకుని అబ్బా అంది. మేం తల్లీకొడుకులం ఒకరినొకరు చూసుకుని మురిసిపోయాం.

మొదటి పోటీకి దుకాణం మూసి మరీ వెళ్ళాం. నేను గొడుగు, ప్లాస్టిక్ కుర్చీ పట్టుకెళ్ళాను. మొదట్లో కాకి పడింది, ఎలుక పడింది, కుందేలు పడింది. చప్పట్లు కొట్టీ కొట్టీ నా అరిచేతులు వేడెక్కాయి. పోటీ సగానికి వచ్చేసరికి టంగు. తర్వాత మళ్ళీ టంగు. కోడలు స్కోపు మీద ఉన్న, గురి సరిచేసే మరలు తిప్పింది. ఒకటి పడింది. ఆ వెంటనే ఇంకో టంగు. మళ్ళీ తిప్పింది. ఈసారి గుండు ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు.

ఇంటికొచ్చి చూస్తే స్కోపుని పట్టుకునే బిగింపు తన చోటు నుంచి కాస్త వెనక్కి జరిగి ఉంది. దాని ముందు తుపాకీ నలుపు మీద కొత్తగా గీసుకుపోయిన గుర్తు.

"తుపాకీ వెనక్కి తంతుంది కదా, అందుకే ఇది వెనక్కి జరిగింది" అన్నాడు మా వాడు. మరలు ఇంకా గట్టిగా బిగించాడు. మాకు అది సబబుగానే తోచింది.

రెండో పోటీలో బిగింపు జరగలేదు. కానీ గుండ్లు మొదటిసారి కన్నా అధ్వాన్నంగా పోయాయి. ఒకటి పైకి, ఒకటి పక్కకి. నిదానం గారు తన ధోరణిలో తాను, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు ఒక్కొక్క బొమ్మనీ పడగొట్టుకుంటూ పోయారు. పోటీ అయిపోయాక కోడలు క్లబ్బు కార్యదర్శి దగ్గరికి వెళ్ళి, "తుపాకీ గురి నిలబడటం లేదండీ, ఏదో తేడా ఉంది" అంది.

ఆయన చెడ్డవాడు కాదు. నవ్వుతూనే అన్నాడు. "తుపాకీ మీద నెపం పెట్టకమ్మా. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. స్ప్రింగు తుపాకీ మొండిది, అందరి చేతికీ లొంగదు. సిలిండరుదైతే నీకు హాయి. చెయ్యి నొప్పి కూడా ఉండదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కోడలు నవ్వలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "చెయ్యి నొప్పి సంగతి దాన్ని వంచేవాళ్ళకి తెలుసు లెండి, మీరొకసారి వంచి చూపించండి" అన్నాను. కోడలు నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఆ సాయంత్రం ఆమె మేడమెట్ల మీద కూర్చుంది. తుపాకీ సంచీ ఒళ్ళో ఉంది. నేను పక్కన కూలబడ్డాను.

"ఆయన మాటకేం లే. నోరుంది, అన్నాడు."

"ఆయన అన్నదాని గురించి కాదు అత్తయ్యా." ఆమె సంచీ పట్టీ వేలికి చుట్టుకుంటోంది. "తప్పుతున్నది నేనా, అదా? నేనే అయితే సాధన చేస్తాను. అదైతే మార్చేస్తాను. ఏదో తెలియకపోతే ఏం చెయ్యాలి? ఇవాళ ట్రిగ్గరు మీద వేలు పెట్టేసరికి, నా చెయ్యి వణకబోతోందని ముందే అనిపించింది. ఇదివరకు నాకెప్పుడూ అలా లేదు."

నేను ఆ పట్టీని ఆమె వేలి నుంచి విప్పాను.

"అమ్మేద్దామనుకుంటున్నాను" అంది.

"తుపాకీనా? నువ్వు అమ్మితే నేను కొనుక్కుంటా. కొని, దాన్ని వంచలేక రోజూ నీ దగ్గరికే వస్తా."

కొంచెం నవ్వింది. కానీ ఆ పిల్ల తన చేతి మీద తానే అనుమానపడుతోంది. చోటు పోతే పోయింది, ఇంకో ఏడు వస్తుంది. ఆ చేతి మీద నమ్మకం పోతే మళ్ళీ ఎక్కడ కొంటాం?

మర్నాడు మధ్యాహ్నం దుకాణం తలుపు వేసేసి, స్కోపుని వెనక గదిలో బల్ల మీద పెట్టించాను. "విప్పు" అన్నాను మా వాడితో.

"అమ్మా, ఇంత మంచి అద్దం..."

"విప్పరా. అద్దాల సంగతి మాకు వదిలెయ్యమన్నది నువ్వేగా."

వాడు కళ్ళజోళ్ళకి వాడే సన్న స్క్రూడ్రైవర్లతో, పుండుకి మందు రాస్తున్నంత సుతారంగా ఒక్కొక్క మరా విప్పాడు. గొట్టాన్ని తిరగేసి ఊపితే లోపల ఏదో కదిలిన చప్పుడు. మా వాడి మొహం మాడిపోయింది. మధ్యలో ఉండాల్సిన అద్దం ఒకటి తన గూడు వదిలి జారిపోయి, వాలి ఉంది. దాన్ని పట్టుకుని ఉండాల్సిన సన్నని చుట్టు మరల్లోంచి ఊడొచ్చింది. పైన పటారం, లోన లొటారం.

"దొరికింది" అన్నాను. "అమ్మాయ్, ఇదిగో చూడు. నీ చెయ్యి కాదు."

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మాత్రం బల్ల మీదికి వంగి ఆ గొట్టాన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత దాన్ని తీసి తుపాకీ మీద ఎలా ఉంటుందో అలా పట్టుకుంది.

"ఏమండీ, ఈ అద్దం ఎటు జరిగింది?"

"ఎటేంటి, కంటివైపు జరిగింది" అన్నాడు మా వాడు.

"కంటివైపే ఎందుకు జరిగింది? బస్సు ఉన్నట్టుండి ముందుకి కదిలితే మనం ఎటు పడతాం?"

"వెనక్కి."

"అదే బస్సు ఉన్నట్టుండి వెనక్కి కదిలితే?"

"ముందుకి."

"తుపాకీ వెనక్కే తంతుంటే, లోపలి అద్దం ముందుకి పడాలి. చూడండి, ముందువైపు దానికి ఎంత లావు గట్టు కట్టారో. అది చెక్కుచెదరలేదు. వేట తుపాకీ దెబ్బకి తట్టుకోవడానికి కట్టిన గట్టు అది. అద్దం పోయింది వెనక్కి. బిగింపు జరిగిందీ వెనక్కే." ఆమె తన కుడిభుజం మీద చెయ్యి వేసుకుంది. "అంటే మన తుపాకీ ముందుకి కూడా తంతోంది."

ఆమె లేచి నిలబడి, గాలిలో తుపాకీ పట్టుకున్నట్టు చేతులు పెట్టింది. "స్ప్రింగు విడివడగానే మొదట భుజాన్ని నెడుతుంది. పిస్టన్ వెళ్ళి ముందు గోడకి గుద్దుకోగానే, తుపాకీ మొత్తాన్ని ముందుకి గుంజుతుంది. ఒకటే దెబ్బ అనుకుంటాం గానీ రెండు. నా భుజానికి ఎప్పటినించో తెలుసు. బుర్రకి ఇప్పుడు ఎక్కింది."

ఏనుగు నడిచిన వంతెన నాకు గుర్తొచ్చింది. ఆ వంతెన మీద మేక ఎదురు దిక్కు నుంచి వచ్చి కొమ్ములతో పొడిచిందన్నమాట. నేను గట్టిగా నవ్వేశాను. మా వాడు మాత్రం ఊడిన చుట్టుని వేళ్ళ మధ్య తిప్పుతూ, "గాజు చూశాం గానీ, గాజుని ఎవరు పట్టుకున్నారో చూడలేదు" అని గొణుక్కున్నాడు. కళ్ళజోళ్ళవాళ్ళం కాబట్టే చేసిన పొరపాటది. వేరే ఎవరైనా అయితే కనీసం మరలైనా పట్టి చూసేవాళ్ళు.

ఈసారి బజారుకి ముగ్గురం వెళ్ళాం. గుమ్మం దగ్గరే కోడలు మా ఇద్దరికీ చెప్పేసింది. "మీరిద్దరూ నేను పిలిచేదాకా దేన్నీ కంటికి పెట్టుకోవద్దు."

"తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఇది" అన్నాను మా వాడి చెవిలో. "అదృష్టం కొద్దీ ఈసారి మూడు కాళ్ళున్న కుందేలే అయ్యుంటుంది" అన్నాడు వాడు.

దుకాణదారు మామూలుగానే మెరిసేవన్నీ పరిచాడు. కోడలు ఒక్కదాన్నీ కంటికి పెట్టుకోలేదు. ఆమె అడిగిన ప్రశ్నలకి ఆయన ముందు నవ్వాడు, తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నాడు, తర్వాత లోపలికి వెళ్ళి పాత డబ్బాలు తీయడం మొదలుపెట్టాడు.

"ఇది స్ప్రింగు తుపాకీ కోసమే చేసిందా, లేక ఏ తుపాకీకైనా అని రాశారా?"

"గట్టిదేనమ్మా."

"ఎటువైపు గట్టిది? వెనక్కి తంతే సరే, ముందుకి గుంజితే?"

ఆయన ఇంకో డబ్బా తెరిచాడు.

"లోపలి గీతలు తీగతో కట్టినవా, అద్దం మీద చెక్కినవా? తీగ అయితే తెగుతుంది, వాలుతుంది. మా పాతదానికి అదే అయింది. దగ్గరి బొమ్మకి, దూరపు బొమ్మకి వేరువేరుగా చూపు కుదుర్చుకునే చుట్టు ఉందా? వేట స్కోపులు దూరానికే చేస్తారు, దగ్గరి ఎలుక మసగ్గా కనిపిస్తుంది. స్ప్రింగు తుపాకీ మీద పెట్టి పాడుచేసుకుంటే మార్చి ఇస్తామని తయారుచేసినవాళ్ళు మాటిచ్చారా, లేక అప్పుడు తుపాకీదే తప్పంటారా?"

"ఇంత పొడుగ్గా, బరువుగా ఉన్నవి వద్దు" అని కూడా అంది. "బరువెక్కువైతే ప్రతి దెబ్బకీ బిగింపుని అంత గట్టిగా గుంజుతుంది. పొట్టిది చూపించండి."

చివరికి బయటికొచ్చింది ఒక పొట్టి నల్ల స్కోపు. ఒళ్ళంతా గరుకు. మెరుపు లేదు, వెడల్పు లేదు. బలమైన స్ప్రింగు తుపాకీల కోసమే, రెండువైపుల దెబ్బకీ తట్టుకునేలా లోపలి అద్దాలన్నిటికీ రెండువైపులా గట్లు కట్టి చేశారట. గీతలు అద్దం మీద చెక్కినవి. కోడలు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది, మరలు రెండు తిప్పింది, ప్రతి మెట్టుకీ టిక్కుటిక్కుమని వచ్చే చప్పుడు విన్నది. తర్వాత బిగింపులు అడిగింది. రెండు ముక్కలవి పక్కన పెట్టేసి, ఒకటే పొడుగు ముక్కగా ఉన్నది తీసుకుంది. దాని అడుగున చిన్న పిన్ను ఉంది. తుపాకీ వీపు మీద ఉన్న గుంటలో ఆ పిన్ను దిగితే, ఇక ఎంత గుంజినా బిగింపు వెనక్కి పోలేదు. ఆ గుంట ఎందుకుందో మాకు అంతవరకూ తెలియదు. దుమ్ము దూరకుండా మా వాడు దాన్ని మైనంతో పూడ్చి ఉంచాడు.

అన్నీ అయ్యాక మా వైపు తిరిగింది. "ఇప్పుడు చూడండి."

చూశాను. అంచుల్లో మసక. తెలుపు కాస్త పసుపుగా ఉంది. మందుల దుకాణం అతని గుండీలు లేవు, చొక్కా ఉందో లేదో కూడా అనుమానమే. నా ప్రాణం ఉసూరుమంది. ఇలాంటి గాజుని మా దుకాణంలో అయితే గుమ్మం కూడా తొక్కనివ్వం.

"అమ్మాయ్, నిజంగా ఇదేనా?"

"కాకి ఈక లెక్కపెట్టక్కర్లేదు అత్తయ్యా. కాకి ఎక్కడుందో ఇవాళా రేపూ ఒకేలా చెప్తే చాలు."

మా వాడు నావైపు చూశాడు. నేను వాడివైపు చూశాను. ఇద్దరం తలూపాం. అదే మొదలు.

మూడో పోటీ దాకా ఆమె పొద్దున్నే బట్టీ స్థలానికి వెళ్ళేది. ఒక అట్ట మీద చుక్క పెట్టి, దానికే గురిపెట్టి డబ్బాలకి డబ్బాలు గుండ్లు ఖాళీ చేసింది. స్కోపు మరలు ఒకవైపు తిప్పి కొట్టి, ఇంకోవైపు తిప్పి కొట్టి, నలుచదరంగా ఒక చుట్టు చుట్టి మళ్ళీ మొదటికి తెచ్చి కొట్టేది. గుండు మళ్ళీ మొదటి చిల్లులోకే వెళ్ళిందా లేదా అన్నదే ఆమెకి కావాలి. మా వాడు ఆమె ఎర్ర గోళ్ళరంగుతో బిగింపు మీద నుంచి తుపాకీ మీదికి ఒక సన్నగీత గీశాడు. బిగింపు వెంట్రుకవాసి కదిలినా ఆ గీత విరుగుతుంది. రోజూ తుపాకీ రాగానే భూతద్దం పెట్టి ఆ గీతనే చూసేవాడు. అది విరగలేదు. ఒక వారం అయ్యాక అట్ట తెచ్చి నా ముందు పెట్టింది. చుక్క ఉన్నచోట ఒకటే చిల్లు, అంచులు చిరిగి.

"ఇది నీ చెయ్యా, స్కోపా?" అన్నాను ఆటపట్టిస్తూ.

"ఇద్దరం" అంది.

మూడో పోటీ రోజు గాలి పక్కనించి కొడుతోంది. గడ్డి ఒకవైపే వాలి ఉంది. మా వాడికి చూసే ధైర్యం లేక షెడ్డు వెనక్కి పోయి నిలబడ్డాడు. నేను గొడుగు మూసేసి ఒళ్ళో పెట్టుకున్నాను, అది ఎగిరిపోకుండా పట్టుకోవడమే ఒక పని అయింది. నిదానం గారు ముందు కొట్టారు. ఆయన నిదానం ఆ రోజు ఆయనకే ఎదురు తిరిగింది. ఆయన ఆలోచించే లోపల గాలి జోరు మార్చేది. రెండు బొమ్మలు టంగుమన్నాయి. అంత గాలిలో రెండే తప్పడం గొప్ప సంగతని అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఎంతైనా పెద్దమనిషి.

కోడలు కూర్చుంది. ఎలుక పడింది. కుందేలు పడింది. దగ్గరివీ దూరానివీ వరసగా పడుతున్నాయి. గొట్టం వంచడం, గుండు పెట్టడం, చూపు చుట్టు తిప్పడం, కొట్టడం. ఆమె మొహంలో ఏమీ లేదు. ఊపిరి బిగబట్టింది నేనే.

అన్నిటికన్నా దూరంగా, బట్టీ గోడ పక్కన ఒక కాకి ఉంది. కొట్టింది. టంగు.

కార్యదర్శి పక్కనున్నతనితో ఏదో అన్నాడు, నాకు వినపడకపోయినా తెలుసు. కోడలి ఎడమచెయ్యి తుపాకీ మీది నుంచి లేచి స్కోపు మర మీదికి వెళ్ళింది. రెండు పోటీల్లో ఆ చెయ్యి అలాగే వెళ్ళడం చూశాను.

ఆ చెయ్యి మర మీద ఆగింది. తిప్పలేదు. ఆమె తల పక్కకి తిప్పి గడ్డివైపు చూసింది. తర్వాత చెయ్యి కిందికి దించి, గొట్టం వంచింది.

ఒక్కో బొమ్మకి ఒకటే గుండు, ఆ కాకికి ఇంకో అవకాశం లేదు. దాని పక్కనే, దాదాపు అంతే దూరంలో ఒక కుందేలు ఉంది. గాలి అలాగే ఉంది. గుండుని గాలి ఎంత తోస్తుందో అంత పక్కకి గురిపెట్టి ఉంటుంది. కుందేలు పడింది. ఆ తర్వాత మిగిలినవన్నీ, ఒక్కటి కూడా మోగకుండా పడ్డాయి.

నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచానో నాకు తెలియదు. గొడుగు ఎటో ఎగిరిపోయింది. ఆమెని పెంచింది నేను కాదు, ఆ గురి నేర్పింది నేను కాదు. అయినా నా సొంత ఒంట్లోంచి వచ్చినంత గర్వం వచ్చింది. అందరికీ వినపడేలా ఏడ్చాను కూడా.

కార్యదర్శి కాగితం చూసుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. "శభాష్ అమ్మా. చోటు నీదే. అన్నట్టు ఆ ఒక్క కాకి సంగతేంటి? మళ్ళీ స్కోపు కదిలిందా?"

"లేదండీ, స్కోపు కదల్లేదు" అంది కోడలు. ఆమె మొహం వెలిగిపోతోంది. "గాలి చూసుకోలేదు. నేనే గురి తప్పాను."

చోటు నీదే అన్న మాట ఆమె సరిగ్గా విన్నదో లేదో నాకు అనుమానం. ఎందుకంటే తుపాకీ నా చేతిలో పెట్టేసి షెడ్డు వెనక్కి పరిగెత్తింది. అక్కడ మా వాడు కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. ఆమె వాడి రెండు భుజాలూ పట్టుకుని ఊపుతూ, క్లబ్బంతా మోగేలా, "ఏమండీ, ఆ కాకి దగ్గర గురి తప్పింది నేనేనండీ! నేనే!" అని అరిచింది.